గెడ్డలో గాలమా, నదిలో గాలమా: ఏది మేలు?

పర్లాకిమిడి, గుణుపురం వైపు ఉండే మనకు గాలం వేయడానికి రెండు రకాల నీళ్లు అందుబాటులో ఉన్నాయి. మహేంద్రగిరి వాలుల నుంచీ చుట్టుపక్కల కొండల నుంచీ దిగి పొలాల మధ్యగా పారే గెడ్డలు ఒకటి; వాటిని కలుపుకొని సాగే మహేంద్రతనయ, వంశధార వంటి నదులు రెండోది. చెరువులను ఈ పోలికలో చేర్చడం లేదు. వాటిలో చాలావరకు చేపల పెంపకానికి వేలంపాటలో పోతాయి కాబట్టి, అక్కడ గాలం వేస్తే సరదా కాస్తా తగువుగా మారుతుంది.

సరంజామా సంగతి చూస్తే గెడ్డదే పైచేయి. నిలువెత్తుకు కాస్త మించిన వెదురు గెడ, అంతే పొడవు తంగూసు, చిన్న గాలం, వడ్లగింజంత సీసం, జీలుగుబెండు ముక్క ఉంటే చాలు. ఎర కోసం పశువులశాల వెనుక తడి నేలను తవ్వితే ఎర్రలు దొరుకుతాయి. నదికి రీలు, గట్టి తంగూసు, బరువైన సీసం కావాలి. ఎరగా తెలికపిండినీ తవుడునూ కలిపి, నీటిలో వెంటనే విడిపోకుండా ముద్ద కట్టాలి. ఈ ముద్ద కుదరడానికే నాకు ఒక చలికాలం పట్టింది.

గెడ్డలోని అసలు సుఖం కంటికి కనిపించడంలో ఉంది. కార్తీక మాసం నాటికి నీరు తేరుకుంటుంది. రాయి చాటు నుంచి పరిగెల గుంపు వచ్చి ఎర చుట్టూ తిరగడం, వాటిలో ఒకటి కొసను కొరికి వెనక్కు తగ్గడం ఒడ్డు మీద కూర్చునే చూడవచ్చు. పరిగె తగిలితే బెండు రెండు మూడుసార్లు వణుకుతుంది. జెల్ల తగిలితే వణుకేమీ లేకుండా పక్కకు ఈడ్చుకుపోతుంది. ఈ తేడా తెలిశాక బెండును చూస్తూ కూర్చోవడమే ఒక చదువు అవుతుంది. జెల్లను గాలం నుంచి తీసేటప్పుడు మాత్రం వీపు మీదా, రెండు పక్కలా ఉండే ముళ్లను చూసుకోవాలి. మొదటిసారి నేను దాన్ని పరిగెను పట్టినట్టే గుప్పిట పట్టి, ఆ సాయంత్రమంతా వేలు పట్టుకుని కూర్చున్నాను.

గెడ్డ మలుపులో మడుగు ఉంటే కొర్రమీను కూడా ఉండవచ్చు. అది గాలి పీల్చుకోవడానికి అప్పుడప్పుడు పైకి వస్తుంది కాబట్టి, కాసేపు కదలకుండా నిలబడితే తన చోటును తానే చెప్పేస్తుంది. అయితే వానల రోజుల్లో నీటి పైన ఎర్రటి పిల్లల గుంపు ఒకచోట ముద్దగా కదులుతూ కనిపిస్తే అక్కడ గాలం వేయకూడదని నా నియమం. కింద కాపలా ఉన్న తల్లిదండ్రులు ఆకలితో కాదు, పిల్లలను కాచుకునే రోషంతో ఎర మీద పడతాయి. వాటిని తీసేస్తే ఆ పిల్లలు ఇతర చేపల నోట పడతాయి.

నది తీరు వేరు. అక్కడ లోపల ఏముందో కనబడదు, ఊహించుకోవాలి. బొచ్చెకు, అంటే ఒడియావారి భాకురకు, నోరు పైకి తిరిగి ఉంటుంది; అది పై నీటిలో మేస్తుంది. శీలావతి నడిమి నీటిలో, ఎర్రమోసు అడుగున తిరుగుతాయి. ఎర ఎంత లోతున వేలాడాలన్నది ఈ లెక్క మీదే ఆధారపడుతుంది. లెక్క కుదిరి పెద్ద చేప తగిలి రీలు గిర్రున తిరిగినప్పుడు కలిగే ఉత్సాహాన్ని ఏ గెడ్డా ఇవ్వలేదని ఒప్పుకోక తప్పదు. కానీ దానికోసం పూటలకు పూటలు ఖాళీ చేతులతో లేవవలసి వస్తుంది.

ప్రమాదం దృష్ట్యా నదిని తేలికగా తీసుకోకూడదు. వంశధార కలహండి కొండల్లో పుడుతుంది. మన ఊళ్లో ఎండ కాస్తున్నా పైన వాన పడితే ఇక్కడ నీరు పెరుగుతుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను తీరం దాటాక వంశధార, మహేంద్రతనయ ఎలా పొంగాయో గజపతి జిల్లావారికి వేరే చెప్పనక్కర్లేదు. ఇసుక తవ్విన గోతులు మరో ముప్పు. మోకాలి లోతనుకున్న చోట తరువాతి అడుగు మెడ లోతుకు పోవచ్చు. గెడ్డల్లో కూడా వాన రోజున నీరు ఉరికి వస్తుంది కానీ, ఒడ్డు రెండు అంగల దూరంలోనే ఉంటుంది.

అందువల్ల కొత్తగా గాలం పట్టేవారికీ, పిల్లలను వెంట తీసుకువెళ్లేవారికీ గెడ్డే మేలని నా అభిప్రాయం. కూరకు చేప కావాలనుకునేవారు నదికే పోవాలి, లేదా నేరుగా సంతకు పోవాలి, రెండోదే చవక.

వేసవిలో గెడ్డ మడుగులు అరచేతి లోతుకు దిగినప్పుడు మాత్రం నేను గెడను చూరులో దోపేస్తాను. అక్కడ తలదాచుకున్న చేపలే తొలకరికి గెడ్డను మళ్లీ నింపాలి. ఆ రెండు నెలలు వంశధార ఒడ్డుకు పోతాను. తిరిగి వచ్చేటప్పుడు సంచిలో చాలాసార్లు మిగిలిన తెలికపిండి ముద్ద తప్ప మరేమీ ఉండదు.