పెట్టె మీద 12,000 డీపీఐ అని ఉందని మౌస్ కొనకండి

మౌస్ కొనబోతున్నవారు ముందు ఇది చదవండి. 12,000 డీపీఐ (మౌస్ తన కదలికను ఎంత సన్నగా కొలుస్తుందో చెప్పే అంకె) అని పెట్టె మీద పెద్ద అక్షరాలతో ముద్రించిన మౌస్ ఒకటి ఆన్‌లైన్‌లో తెప్పించాను. అందులోని సెన్సర్ నిజంగా కొలవగలిగేది 3,000 మాత్రమే. మిగతాదంతా అంకెల గారడీ.

ఆప్టికల్ మౌస్ అడుగున చిన్న లైటు, దానితోపాటు ఒక బుల్లి కెమెరా ఉంటాయి. సెన్సర్ అంటే ఈ కెమెరానే. ఆ కెమెరా బల్ల ఉపరితలాన్ని ఆపకుండా ఫొటోలు తీస్తూ ఉంటుంది. పాతతరం సెన్సర్లలో కొన్నింటికి ఆ ఫొటో అడ్డంగా 18, నిలువుగా 18 చుక్కలే, అయినా సెకనుకు 1,500 ఫొటోలు తీసేవి. సెన్సర్ ఒక ఫొటోను తర్వాతి దానితో పోల్చి, బల్ల మీది గరుకుతనం ఎటు, ఎంత జరిగిందో చిన్న చిన్న అడుగులుగా లెక్కపెట్టి కంప్యూటర్‌కు పంపుతుంది. మౌస్ అంగుళం దూరం జరిగితే అలాంటి చిన్న అడుగులు ఎన్ని లెక్కకు వస్తాయన్నదే డీపీఐ.

నాకు వచ్చిన మౌస్‌లో జరిగేది వేరు. సెన్సర్ చూసిన ఒక్క అడుగును నాలుగుతో గుణించి పంపుతారు. పాలలో నీళ్లు కలిపి కొలత పెంచినట్టే. పాయింటర్ పరుగులు పెడుతుంది కానీ తెర మీద మధ్యలోని చుక్కల దగ్గర ఆగదు. ఫొటోలో జుట్టు అంచు వెంట కత్తిరించాల్సి వచ్చినప్పుడు ప్రాణం విసిగిపోతుంది.

మీరే పరీక్షించుకోవచ్చు. విండోస్‌లో పాయింటర్ వేగాన్ని మొదట ఉన్న మధ్య స్థానంలోనే ఉంచి, ‘ఎన్‌హాన్స్ పాయింటర్ ప్రెసిషన్’ టిక్కు తీసేయండి. స్క్రీన్ స్కేలింగ్ (తెర మీది అక్షరాలు, బొమ్మల సైజు) 100 శాతం ఉండాలి. పెయింట్ తెరిస్తే కింది పట్టీలో పాయింటర్ ఉన్న చోటు అంకెల్లో కనిపిస్తుంది. ఇప్పుడు మౌస్‌ను వీలైనంత నెమ్మదిగా పక్కకు జరపండి. నా మౌస్ మీది డీపీఐ బటన్‌తో 3,000 పెడితే పాయింటర్ 412, 413, 414 అంటూ ఒక్కొక్కటిగా కదిలింది. 6,000 పెడితే రెండేసి, 12,000 పెడితే 412, 416, 420 అంటూ నాలుగేసి దూకింది. ఎంత మెల్లగా జరిపినా 413 రానే రాలేదు.

అసలు అంత డీపీఐ ఎవరికి కావాలి? 1,920 చుక్కల వెడల్పున్న తెరను 12,000 డీపీఐ మౌస్ నాలుగు మిల్లీమీటర్ల కదలికతో దాటేస్తుంది. మామూలు పనికి 800 నుంచి 1,600 చాలు. ఈ మాట పెట్టెల మీద ఎవరూ రాయరు.

ఇదొక్కటే అయితే సర్దుకునేవాణ్ని. కొద్ది వారాలకే ఒక్కసారి నొక్కితే రెండుసార్లు నొక్కినట్టు పడడం మొదలైంది. ఫైలును లాగుతుంటే మధ్యలోనే జారిపోతుంది. బటన్ కింది మైక్రోస్విచ్‌లో సన్నని లోహపు రేకు ఉంటుంది. నొక్కినప్పుడు అది కొన్ని మిల్లీసెకన్లు అదురుతుంది. ఆ అదురు ఆగేదాకా మౌస్ కాస్త ఆగి చూడాలి. రేకు నాసిరకమైతే ఆ అదురు పెరిగి రెండో నొక్కుగా నమోదవుతుంది. అమ్మినవారిని అడిగితే మౌస్ ప్యాడ్ మార్చమన్నారు! బటన్ లోపానికి ప్యాడ్‌తో ఏం సంబంధం? ఈలోగా వాపసు గడువు దాటిపోయింది. అందుకే పై పరీక్ష వస్తువు చేతికి అందిన రోజే చేయండి, జరిగేదాన్ని వీడియో తీసి పెట్టుకోండి.

ఇప్పటికే ఇలాంటిది కొన్నవారు డీపీఐ బటన్‌తో ఒక్కొక్క అంకె కదిలే స్థాయికి దించుకోండి, పాయింటర్ దారికి వస్తుంది. రెండు నొక్కుల జబ్బుకు మాత్రం ఆ స్విచ్ మార్చడమే మందు.