న్గుయెన్ గారా, మిన్ గారా? వియత్నాం వాళ్లని ఎలా పిలవాలి

ఆఫీసులో న్గుయెన్ వాన్ మిన్ అనే సహోద్యోగి ఉన్నారనుకోండి. ఇంటిపేరుతో పిలవాలా, పేరుతోనా?

అక్కడా మనలాగే ఇంటిపేరు ముందు, సొంత పేరు చివర.

గుర్తుపట్టడానికి: వియత్నాంలో దాదాపు ప్రతి ముగ్గురిలో ఒకరు న్గుయెన్. మీటింగులో "న్గుయెన్ గారూ" అంటే నలుగురు తిరిగి చూస్తారు. "మిన్" అంటే ఒక్కరే.

ఇంతమంది ఎలా అయ్యారు? మూలం ఒక చైనా ఇంటిపేరు. చైనాలో దాన్నే రువాన్ అంటారు. 1232లో వియత్నాంను ఏలుతున్న ట్రాన్ వంశం, తాను దించేసిన లీ రాజవంశీయుల చేత బలవంతంగా ఇంటిపేరు న్గుయెన్‌గా మార్పించింది. తర్వాత 1802 నుంచి 1945 వరకు రాజులే న్గుయెన్‌లు. కాబట్టి ఇద్దరు న్గుయెన్‌లు కనిపిస్తే "మీరు చుట్టాలా?" అని అడగకండి.

పలకడానికి: న్గుయెన్ కష్టం. మన అక్షరమాలలోని ఙ ఇక్కడ అక్కరకొస్తుంది: "ఙ్వియెన్" దగ్గరగా ఉంటుంది. మిన్ తేలిక.

మర్యాదకి: పేరుతో పిలిస్తే చనువు అనిపిస్తుందని టెన్షన్ వద్దు. సేనాపతి వో న్గుయెన్ జాప్‌ని దేశమంతా "జనరల్ జాప్" అనే అంది. పేరు ముందు "అన్" (అన్న), "చి" (అక్క) చేరిస్తే మర్యాద నిండుగా ఉంటుంది. ఈ పద్ధతి నాకెంతో మనదనిపిస్తుంది.

వీసా, బ్యాంకు, టికెట్ కాగితాలైతే ఇంటిపేరు గడిలో న్గుయెన్ తప్పనిసరి. ఎదురుగా మాట్లాడేటప్పుడు మాత్రం మిన్ అనండి.