డాక్ అప్‌గ్రేడ్ కిట్ కొంటున్నారా? సోల్డరింగ్ ఐరన్ పట్టుకునే ముందు ఇది చదవండి

విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల ఇంట్లో డాక్ (డిజిటల్ పాటని ఆంప్లిఫయర్‌కి పంపే అనలాగ్ సిగ్నల్‌గా మార్చే పరికరం) పెట్టుకుని పాటలు వినేవాళ్లకు, ముఖ్యంగా దాన్ని విప్పి సొంతంగా మార్పులు చేసుకునేవాళ్లకు ఈ హెచ్చరిక. "ప్రీమియం ఆడియో అప్‌గ్రేడ్ కిట్" అంటూ జిప్ కవర్లో పెట్టి అమ్ముతున్న సరుకు ఒకటి మన దగ్గర తిరుగుతోంది. అందులో ఓపీఏ2134 అని రాసి ఉన్న ఆప్-యాంప్‌లు (సిగ్నల్‌ని పెంచే చిన్న చిప్‌లు), 2200 మైక్రోఫారడ్ 25 వోల్టుల కెపాసిటర్లు, 7812, 7912 రెగ్యులేటర్లు (వోల్టేజ్‌ని స్థిరంగా ఉంచేవి) ఉంటాయి. నేను కొన్న కిట్‌లో ఆప్-యాంప్‌లు నకిలీవి, కెపాసిటర్లు నకిలీవి. ఇప్పటికే కొని బిగించినవాళ్లుంటే, దయచేసి స్పీకర్లు తీసేసి ముందు అవుట్‌పుట్‌లో డీసీ వోల్టేజ్ కొలవండి. మిగతాది తర్వాత చదవచ్చు.

నాది పీసీఎం1794ఏ చిప్ ఉన్న డాక్ బోర్డు. ఈ చిప్ వోల్టేజ్ ఇవ్వదు, కరెంట్ ఇస్తుంది. ఆ కరెంట్‌ని వోల్టేజ్‌గా మార్చడానికి ఒక్కో ఛానెల్‌కి రెండు ఆప్-యాంప్‌లు, ఆ రెండింటి తేడా తీసి బయటికి పంపడానికి ఇంకొకటి ఉంటాయి. బోర్డుతో వచ్చినవి ఎన్‌ఈ5532లు, సాకెట్లలో ఉన్నాయి. వాటి బదులు ఓపీఏ2134 పెడదామని ఊళ్లోనే ఒక దుకాణంలో అడిగితే, విడిగా లేవు, కిట్‌గానే ఇస్తామన్నారు. "పక్కా ఒరిజినల్ బర్-బ్రౌన్ అండీ, పాత లాట్, మళ్లీ రాదు" అన్నారు. బర్-బ్రౌన్ అనే చిప్ కంపెనీని టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ 2000లోనే కొనేసింది. ఆ తర్వాత కూడా కొన్ని చిప్‌ల మీద పాత గుర్తు వచ్చిన మాట నిజమే కాబట్టి, పాత లాట్ అన్న మాట వినడానికి నమ్మేలాగే ఉంటుంది. బిల్లులో మాత్రం "ఆడియో ఐటెమ్స్ - 1 సెట్" అని రాశారు. ఒక్క చిప్ నంబరు కూడా లేదు.

అన్నీ మార్చాక, ఆంప్లిఫయర్‌కి తగిలించకుండా, మల్టీమీటర్ ప్రోబులు అవుట్‌పుట్ సాకెట్‌లో పెట్టి చూశాను. కుడివైపు రెండు మూడు మిల్లీవోల్టులు. ఎడమవైపు నాలుగు వోల్టులకు పైనే డీసీ! దీనికి కారణం చిప్ స్వభావంలోనే ఉంది. పీసీఎం1794ఏ నుంచి పాట లేనప్పుడు కూడా దాదాపు 6 మిల్లీయాంపుల స్థిరమైన కరెంట్ వస్తూ ఉంటుంది. 750 ఓమ్‌ల రెసిస్టర్ వాడిన బోర్డులో అది 4.6 వోల్టుల దాకా డీసీ అవుతుంది. ఒక్కో ఛానెల్‌లో కరెంట్‌ని మార్చే రెండు ఆప్-యాంప్‌ల దగ్గరా అంతే ఉంటుంది కాబట్టి తేడా తీసే దశలో కొట్టుకుపోతుంది. ఆ రెండింటిలో ఒకటి చచ్చిందంటే ఆ డీసీ మొత్తం బయటికొస్తుంది. నా బోర్డులో దాన్ని ఆపే కెపాసిటర్ లేదు. ఈ రకం బోర్డులు చాలావాటికి ఉండదు.

తప్పు ఎక్కడుందో తేల్చడం కష్టమేం కాలేదు. కుడి చిప్ ఎడమకి, ఎడమ చిప్ కుడికి మార్చాను, డీసీ కూడా అటు మారింది. పాత ఎన్‌ఈ5532 తిరిగి పెట్టాను, రెండు వైపులా మిల్లీవోల్టులకు దిగింది. అంటే బోర్డు బాగుంది, సోల్డరింగ్ బాగుంది, చిప్పే చచ్చింది. గుంటూరు బ్రాడీపేటలో ఉండే మా పిన్ని కొడుకు కూడా అలాంటి కవరే కొన్నాడు. వాడి ఆంప్లిఫయర్‌లో కూడా డీసీని ఆపే కెపాసిటర్ లేదు. వాడికి ఎడమ వూఫర్ కాయిల్ కాలిపోయి గదంతా వాసన. ఎంతో ఇష్టంగా, డబ్బు కూడబెట్టి కొనుక్కున్న స్పీకర్లవి. ఈ పోస్టు రాయడానికి అసలు కారణం అదే.

ఇప్పుడు ముఖ్యమైన విషయం. చిప్ చచ్చిందా లేదా అన్నది వేరు, అది రాసి ఉన్న చిప్పేనా అన్నది వేరు. పని చేస్తున్న మిగతా చిప్‌లు కూడా ఓపీఏ2134 కావు. ఇది ఇంట్లోనే తేల్చుకోవచ్చు, బ్రెడ్‌బోర్డు (సోల్డర్ లేకుండా గుచ్చి కలిపే పలక), రెండు 9 వోల్టుల బ్యాటరీలు, ఒక 1 మెగాఓమ్ రెసిస్టర్, రెండు 0.1 మైక్రోఫారడ్ సిరామిక్ కెపాసిటర్లు, మల్టీమీటర్ చాలు. బ్యాటరీలు రెండూ కలిపి ప్లస్ 9, మైనస్ 9 చేయండి, మధ్యది గ్రౌండ్. 8వ పిన్‌కి ప్లస్, 4వ పిన్‌కి మైనస్. ఆ రెండు పిన్‌ల నుంచి గ్రౌండ్‌కి చెరొక 0.1 మైక్రోఫారడ్ సిరామిక్ కెపాసిటర్ పెట్టండి, లేకపోతే చిప్ ఆసిలేట్ అయ్యి (తనంతట తానే ఊగిపోయి) రీడింగ్ పిచ్చిగా తిరుగుతుంది. 1, 2 పిన్‌లు కలిపేయండి. 3వ పిన్ నుంచి గ్రౌండ్‌కి 1 మెగాఓమ్. ఇక 1వ పిన్ దగ్గర వోల్టేజ్ చూడండి. రెండో సగం కూడా ఇలాగే: 6, 7 కలిపి, 5వ పిన్‌కి రెసిస్టర్.

ఓపీఏ2134 లోపల ఇన్‌పుట్‌లో ఉండేవి ఫెట్‌లు (ఒక రకం ట్రాన్సిస్టర్లు), అవి లాక్కునే కరెంట్ పికోయాంపుల్లో ఉంటుంది. కాబట్టి అసలుదైతే ఒకటి రెండు మిల్లీవోల్టులు దాటదు. ఎన్‌ఈ5532 అయితే దాదాపు 200 నానోయాంపులు లాగుతుంది, మెగాఓమ్ మీద అది 200 మిల్లీవోల్టులు, అదీ మైనస్‌లో. 4558 తరహా చిప్ అయితే పదుల మిల్లీవోల్టులు, ప్లస్‌లో. నా కిట్‌లోవి ప్లస్ 60 దగ్గర ఆగాయి. పాత టేప్ రికార్డర్లలో, చవక ప్రీఆంప్‌లలో ఉండే ఈ 4558 తరహా చిప్ మీద వేరే పేరు కొట్టి అమ్మారని నాకు అక్కడే అర్థమైంది.

ఈ పరీక్షలో టీఎల్072 అనే ఇంకో ఆప్-యాంప్ తప్పించుకుంటుంది, అదీ ఫెట్ చిప్పే కాబట్టి. అలాంటప్పుడు బ్యాటరీ తీగలో మీటర్ పెట్టి కరెంట్ చూడండి. ఓపీఏ2134 రెండు సగాలూ కలిపి 8 మిల్లీయాంపుల దగ్గర తీసుకుంటుంది, టీఎల్072 మూడు లోపే. పైన అక్షరాల మీద అసిటోన్ ఉన్న నెయిల్ పాలిష్ రిమూవర్‌ని దూదితో రుద్ది చూడటం కూడా పనికొస్తుంది. నా చిప్ మీద నల్లరంగు దూదికి అంటి, కింద గరుకు కాగితంతో గీకిన గీతలు బయటపడ్డాయి. రంగు పోలేదంటే అసలుదే అని మాత్రం అనుకోవద్దు, ఇప్పుడు లేజర్‌తో కూడా కొడుతున్నారు.

కెపాసిటర్ల సంగతి నన్ను ఇంకా భయపెట్టింది. బిగించగా మిగిలినదాని పై తొడుగు బ్లేడుతో చీరితే, లోపల ఇంకో తొడుగు, దాని మీద 1000 మైక్రోఫారడ్, 16 వోల్టులు! లెక్క చూడండి. 15 వోల్టుల ఏసీ ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వచ్చేది రెక్టిఫై అయ్యాక, అంటే డీసీగా మారాక, 21 వోల్టుల దాకా పోతుంది. రాత్రిళ్లు లైన్ వోల్టేజ్ 250కి ఎక్కితే ఇంకో రెండు వోల్టులు. 16 వోల్టుల కెపాసిటర్ దాన్ని ఎన్నాళ్లు ఓర్చుకుంటుంది? ఉబ్బుతుంది, లేదా పేలుతుంది. మన బెజవాడ ఎండల్లో, మూత బిగించిన డబ్బాలో, ఇంకా త్వరగా పోతుంది. నేను అన్నీ పీకేసి, 35 వోల్టుల, 105 డిగ్రీల రేటింగ్ ఉన్నవి వేరేచోట కొని వేశాను. కొలిచేటప్పుడు మైక్రోఫారడ్ ఒక్కటే చూస్తే చాలదు, 10 కిలోఓమ్ రెసిస్టర్ గుండా రాసి ఉన్న వోల్టేజ్ ఇచ్చి, రెసిస్టర్ మీద వోల్టేజ్ కొద్ది నిమిషాల్లో పడిపోతోందో లేదో చూడండి. పడకుండా నిలబడిపోతే ఆ కెపాసిటర్ వాడొద్దు.

రెగ్యులేటర్లు పనిచేస్తున్నాయి. కానీ కిట్‌తో ఇచ్చిన కాగితంలో 7812, 7912 రెండింటినీ ఒకే హీట్‌సింక్‌కి బిగించమని బొమ్మ వేశారు, మధ్యలో కరెంట్ పారకుండా పెట్టే మైకా షీట్లు ఇవ్వలేదు. 7812 వెనక రేకు గ్రౌండ్. 7912 వెనక రేకు గ్రౌండ్ కాదు, మైనస్ ఇన్‌పుట్. మైకా లేకుండా ఆ బొమ్మ ప్రకారం బిగిస్తే నేరుగా షార్టే. పిన్‌ల వరుస కూడా రెండింటికీ వేరు. ఆ కాగితం చింపి పారేయండి.

దుకాణానికి వెళ్లి ఇదంతా చూపించాను. "కిట్ మొత్తం ఒకటే ఐటెమ్ అండీ. కెపాసిటర్లు సోల్డర్ చేసేశారు కదా, ఇంక చిప్‌లు మాత్రం ఎలా వెనక్కి తీసుకుంటాం" అన్నారు. మోసం సరిగ్గా ఇక్కడే ఉంది. బిగిస్తే తప్ప కొన్నవాడికి తేడా తెలియదు, బిగించాక సరుకు వెనక్కి పోదు. చిప్ నంబర్ ఏదని బిల్లు చూపిస్తే, మీరు ఎక్కడ కొన్న చిప్ తెచ్చారో మాకేం తెలుసు అన్నారు. గోడ మీద "అమ్మిన సరుకు వెనక్కి తీసుకోబడదు" బోర్డు ఉంది. ఆ బోర్డు చూసి వెనక్కి వచ్చేయకండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, బిల్లులో గడువు రాయకపోతే, లోపమున్న సరుకును 30 రోజుల్లోపు వెనక్కి తీసుకోవడానికి నిరాకరించడం అనుచిత వ్యాపార పద్ధతి కిందికే వస్తుంది. బిల్లు ఇవ్వకపోవడం కూడా అంతే.

కాబట్టి కొనేటప్పుడే బిల్లులో చిప్ నంబర్, తయారీ కంపెనీ పేరు రాయించుకోండి. రాయమంటే నసిగితే ఆ దుకాణంలో కొనకండి. కవర్ విప్పేటప్పుడు ఫోన్‌లో వీడియో తీసి, సోల్డరింగ్ కంటే ముందే బ్రెడ్‌బోర్డు మీద పరీక్ష చేయండి. అసలు చిప్‌లు కావాలంటే మౌసర్, డిజికీ, ఎలిమెంట్14 లాంటి అధీకృత పంపిణీదారులు మన దేశానికి పంపుతారు, కొరియర్ ఖర్చు కలిపితే ఎక్కువే అవుతుంది, నలుగురు కలిసి తెప్పించుకుంటే భారం తగ్గుతుంది. నన్నడిగితే, సరైన ఎన్‌ఈ5532 ఉన్న బోర్డులో అది మార్చాల్సిన అవసరం పెద్దగా లేదు. ఎన్నో రికార్డింగ్ స్టూడియోల మిక్సర్లలో పాట వెళ్లింది ఆ చిప్ గుండానే. ముందు పవర్ సప్లై, కెపాసిటర్లు సరిచూసుకోండి.

నేను వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. బిల్లు, పరీక్ష వీడియో, తొడుగు చీరిన కెపాసిటర్ ఫొటో సిద్ధంగా పెట్టుకున్నాను. డబ్బు తిరిగి రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను, 5 లక్షల లోపు విలువకి అక్కడ ఫీజు లేదు. ఇలాంటి కిట్ కొన్నవాళ్లు మీ చిప్‌ల రీడింగ్ ఎంతొచ్చిందో, ప్లస్సో మైనస్సో, కింద రాయండి. ఫిర్యాదుకి జతచేస్తాను.