వంటింటి కిటికీలోంచి కనిపించే గడియారం: రెండవ జాన్ పాల్ పోపుగారి ఊళ్ళలో తొమ్మిది రోజులు

1986 ఫిబ్రవరి 5న పోపుగారు మద్రాసు వచ్చినప్పుడు అమ్మా నాన్నా నెల్లూరు నుంచి రైలెక్కి వెళ్ళి చూసొచ్చారు. నాకప్పుడు ఆరేళ్ళు. జనంలో నలిగిపోతానని నన్ను అమ్మమ్మ దగ్గర వదిలేశారు. "ఎంత దూరంలో ఉన్నామంటే, తెల్లటి చుక్కలా కనిపించారు, అంతే" అని అమ్మ ఇప్పటికీ చెబుతుంది. అది చెప్పినప్పుడల్లా ఆవిడ మొహం చూడాలి. నాన్న పోయి ఏడేళ్ళయింది. అమ్మకు ఇప్పుడు డెబ్భై రెండు. మోకాళ్ళు ఇంకా మాట వింటున్నాయి కాబట్టి పోయిన సెప్టెంబరులో ఆవిణ్ణి తీసుకుని మూడు రోజులు రోము, ఆరు రోజులు పోపుగారు పుట్టి పెరిగిన పోలండ్ తిరిగొచ్చాను. పెద్దవాళ్ళతో వెళ్ళాలనుకునే వాళ్ళకు పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు వీసా సంగతి. రెండు దేశాలకూ ఒకటే షెంగెన్ వీసా సరిపోతుంది. ఎక్కడ ఎక్కువ రోజులుంటే ఆ దేశానికి దరఖాస్తు పెట్టుకోవాలి. మేము పోలండ్‌కే పెట్టాం. అక్కడ యూరోలు నడవవు, జ్లోటీలు కావాలి.

రోము గురించి చాలామంది రాశారు కాబట్టి రెండు ముక్కల్లో చెబుతాను. పునీత పేతురు బసిలికాకు తెల్లవారగానే వెళ్ళండి. పొద్దెక్కాక తనిఖీ క్యూ చౌకు చుట్టూ తిరుగుతుంది. లోపలికి వెళ్తూనే కుడివైపు మైకెలాంజెలో చెక్కిన పియెతా శిల్పం, దాని పక్కనే పునీత సెబాస్టియన్ చాపెల్. 2011లో ధన్యులుగా (పునీతుడి హోదాకు ముందు మెట్టు) ప్రకటించినప్పటి నుంచి పోపుగారి భౌతికకాయం ఆ చాపెల్ పీఠం కింద ఉంది. అమ్మ మోకరించి జపమాలలో ఒక పదైనా చెప్పుకోకముందే వెనకనుంచి ఒక గ్రూపు వచ్చి పడింది. 1981 మే 13న ఆయన్ని కాల్చిన చోట చౌకులో చిన్న రాతి పలక ఉంది. దాన్ని జనం తొక్కుకుంటూ పోతున్నారు. రోములో ఆయన అందరివాడు, ఆ రద్దీలో మన పక్కన కూర్చున్నట్టు మాత్రం అనిపించదు. పోలండ్‌లో అలా అనిపించింది. అందుకే రోముతో ఆపేసి తిరిగొచ్చేయకండని మరీ మరీ చెబుతున్నాను.

పోలండ్‌లోని క్రాకువ్ ఎయిర్‌పోర్టుకు ఆయన పేరే పెట్టారు. అక్కడి నుంచి రైల్లో ఇరవై నిమిషాల్లో ఊరి మధ్యకు వచ్చేస్తాం.

బస విషయంలో నేను ఒక తప్పు చేశాను. మొదటి రెండు రాత్రులకు పాత ఊళ్ళో ఒక అపార్ట్‌మెంట్ తీసుకున్నాను. ఫొటోల్లో బాగుంది. వెళ్ళి చూస్తే మూడో అంతస్తు, లిఫ్టు లేదు. బుక్ చేసేటప్పుడు అడిగితే "ఉంది" అన్నారు. శుక్రవారం రాత్రి కింద వీధిలో తెల్లారేదాకా కేకలు. అమ్మ మెట్టు మెట్టుకూ ఆగి "మరియ తల్లీ" అనుకుంటూ ఎక్కుతుంటే నాకు కళ్ళనీళ్ళాగలేదు. మూడో రోజు క్రాకువ్ శివారు వాగ్యెవ్నికి వైపు కన్యస్త్రీలు నడిపే యాత్రికుల ఇంటికి మారాం. రెండు మంచాలు, గోడ మీద సిలువ, కిటికీ అవతల ఆపిల్ చెట్టు. టీవీ లేదు, రాత్రి తొందరగా గేటు వేసేస్తారు, ఊరి మధ్యకు ట్రాములో వెళ్ళాలి. అయినా అమ్మ అక్కడే మొదటిసారి నిద్రపోయింది. పొద్దున్నే వేడి సూపు, రొట్టె, జున్ను. సిస్టర్‌కు ఇంగ్లీషు రాదు, అమ్మకు పోలిష్ రాదు, ఇద్దరూ కలిసి జపమాల చెప్పుకున్నారు. ఒకరు తెలుగులో, ఒకరు పోలిష్‌లో. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు ఇలాంటి ఇల్లే చూసుకోండి.

ఇంకో జాగ్రత్త. ఆయన పుట్టిన వాదోవిత్సె, ఆష్విట్జ్ నిర్బంధ శిబిరం కలిపి ఒకే రోజులో చూపించే టూర్లు అమ్ముతారు. రెంటికీ మధ్య ముప్ఫై కిలోమీటర్లే కాబట్టి వాళ్ళకు కలిసొస్తుంది. మేమూ మొదట అదే తీసుకున్నాం. వాదోవిత్సెలో నలభై నిమిషాలు ఇచ్చారు, ఆయన పుట్టిన ఇంటి మ్యూజియం టికెట్ అందులో లేదని బస్సెక్కాక చెప్పారు. ఆష్విట్జ్‌కు విడిగా ఒక రోజు ఇవ్వండి. 1979 జూన్ 7న పోపుగారు అక్కడి పదకొండో బ్లాకులో, ఇంకొకరికి బదులు తాను చావడానికి ముందుకొచ్చిన మాక్సిమిలియన్ కోల్బే గురువులు (ఫాదర్) ప్రాణం విడిచిన గదిలో మోకరించారు. 1982లో కోల్బేను పునీతుడిగా ప్రకటించింది కూడా పోపుగారే. ఆ గది చూసొచ్చాక ఆ రోజు ఇంకేదీ చూడబుద్ధి కాదు, చూడకూడదు కూడా.

రెండో రోజు మినీబస్సు పట్టుకుని మళ్ళీ వాదోవిత్సె వెళ్ళాం. క్రాకువ్ నుంచి యాభై కిలోమీటర్లే గానీ గంట దాటుతుంది. ఈసారి మ్యూజియానికి ముందే బుక్ చేశాను. ఇచ్చిన టైముకు గైడుతోనే లోపలికి పంపుతారు. ఇంగ్లీషు గైడు కావాలంటే ముందే అడగాలి. మాకు దొరికిన అమ్మాయి అమ్మ కోసం ప్రతి గదిలో కుర్చీ వెతికి వేసింది.

పోపుగారి అసలు పేరు కరోల్ వోయ్తివా. 1920 మే 18న పుట్టింది ఈ ఇంట్లోనే. అప్పట్లో ఇది ఒక యూదు వ్యాపారి ఇల్లు. వీళ్ళు అద్దెకుండేవాళ్ళు. ఇప్పుడు చుట్టూ పెద్ద మ్యూజియం కట్టారు. తెరలు, వీడియోలు, ప్రయాణాల పటాలు ఉన్నాయి. 104 విదేశీ యాత్రలు, 129 దేశాలు! అవన్నీ బాగానే ఉన్నాయి, కాసేపు చూసి ముందుకు నడవండి. టైమంతా ఆ కుటుంబం ఉన్న గదుల కోసం దాచుకోండి. ఒక వంటిల్లు, ఒక పడకగది, ముందు ఒక గది, అంతే. మన రైల్వే క్వార్టర్స్ కంటే పెద్దదేం కాదు.

వంటింటి కిటికీ తెరిస్తే చేతికందేంత దగ్గరలో చర్చి గోడ. ఆ గోడ మీద నీడ గడియారం. దాని కింద పోలిష్‌లో ఒక వాక్యం. గైడు చెప్పింది నేను అమ్మకు తెలుగులో చెప్పాను: "కాలం పరుగెడుతుంది, నిత్యత్వం ఎదురుచూస్తుంది." ఆ పిల్లాడు పొద్దున్నే పాలు తాగుతూ రోజూ చూసింది అదే. తొమ్మిదో ఏడు నిండకముందే, 1929 ఏప్రిల్‌లో తల్లి ఎమిలియా పోయింది. 1932లో డాక్టరైన అన్న ఎడ్మండ్, రోగి దగ్గర స్కార్లెట్ ఫీవర్ అంటుకుని, ఇరవై ఆరేళ్ళకే పోయాడు. ఇక ఈ ఇంట్లో మిగిలింది తండ్రీ కొడుకూ. రిటైరైన ఆ సైనికాధికారి తన పాత యూనిఫాం గుడ్డతో కొడుక్కి బట్టలు కుట్టేవాడట. రాత్రి ఎప్పుడు మెలకువ వచ్చినా నాన్న మోకాళ్ళ మీద ప్రార్థిస్తూ కనిపించేవాడని పోపుగారే తర్వాత రాసుకున్నారు.

అమ్మ ఆ కిటికీ దగ్గర్నుంచి కదల్లేదు. గైడు తర్వాతి గ్రూపు కోసం చూస్తూ కూడా తొందరపెట్టలేదు. చివరికి అమ్మ అంది, "తల్లి లేని పిల్లాడికి ఎవరు అన్నం పెట్టారే?" నేను రోము మీద, వాటికన్ మీద ఎంత చదివానో, ఈ ప్రశ్న మాత్రం నాకెప్పుడూ రాలేదు.

అదే ఊళ్ళో, అదే బడిలో యెర్జీ క్లూగర్ అనే యూదు స్నేహితుడు ఉండేవాడు. అతని తండ్రి అక్కడి యూదు సంఘానికి అధ్యక్షుడు. ఆ స్నేహం చివరిదాకా నిలిచింది. మద్రాసు వచ్చిన రెండు నెలలకు, 1986 ఏప్రిల్ 13న, పోపుగారు రోములోని యూదుల ప్రార్థనా మందిరంలో అడుగుపెట్టారు. ఆ అడుగుకు మూలం వాదోవిత్సెలోని ఈ అద్దె ఇల్లేనని అక్కడ నిలబడితే తెలుస్తుంది.

ఎదురుగా ఉన్న బసిలికాలో ఆయన జ్ఞానస్నానం పొందిన తొట్టి ఉంది. టికెట్ లేదు. చౌకు చుట్టూ కొట్ల నిండా క్రెమూవ్కా అమ్ముతారు, రెండు పలచటి పొరల మధ్య మీగడలాంటి క్రీము. 1999లో సొంతూరు వచ్చినప్పుడు పోపుగారు, స్కూలు ఫైనల్ పరీక్షలయ్యాక ఇవి తినేవాళ్ళమని గుర్తుచేసుకున్నారు. అప్పటి నుంచి ఊరంతా దీని పేరే. అమ్మకు షుగరు, అందుకని ఇద్దరం ఒకటే పంచుకున్నాం. బాగుంది, మరీ తీపి కాదు.

మూడో రోజు వాగ్యెవ్నికి. దైవకారుణ్య భక్తి మన విచారణల్లో (చర్చి పరిధుల్లో) ఇప్పుడు ఎంత ఉందో మీకు తెలుసు. మధ్యాహ్నం మూడు గంటల ప్రార్థన, "యేసువా, నేను నిన్ను నమ్ముచున్నాను" అనే ఆ పటం లేని ఇల్లుండదు. ఈ భక్తికి మూలమైన సిస్టర్ ఫౌస్తీనా 1938లో మరణించింది ఇక్కడి కాన్వెంటులోనే. పెద్ద బసిలికా విశాలంగా ఉంది, వీల్‌చైర్లకు దారి ఉంది, నీళ్ళూ బాత్రూములూ శుభ్రం. నా మనసు మాత్రం పక్కనున్న పాత చిన్న చాపెల్లోనే ఉండిపోయింది. యుద్ధకాలంలో జర్మన్ల కింద కరోల్ దగ్గర్లోని సోల్వే సోడా ఫ్యాక్టరీలో కూలీ. చెక్క చెప్పులేసుకుని ఈ దారినే డ్యూటీకి నడిచేవాడు. 2002 ఆగస్టు 17న కొత్త బసిలికాను అభిషేకించాక ఆయనే ఆ చెక్క చెప్పుల మాట ఎత్తారు. వాటితో నడిచినవాడు ఒకనాడు ఇక్కడ ఇలా నిలబడతాడని ఎవరనుకున్నారు అని. ఫౌస్తీనాను 2000లో పునీతురాలిని చేసి, పాస్కా (ఈస్టర్) తర్వాతి ఆదివారాన్ని దైవకారుణ్య ఆదివారంగా చేసింది ఆయన. 2005 ఏప్రిల్ 2న, ఆ ఆదివారానికి ముందు రాత్రే కన్నుమూశారు.

అక్కడి నుంచి లోయ దాటి నడిస్తే ఆయన పేరిట కట్టిన పుణ్యక్షేత్రం. సోల్వే ఫ్యాక్టరీ వ్యర్థాలు పోసిన తెల్లటి దిబ్బల మీద కట్టారు కాబట్టి ఆ చోటికి 'తెల్ల సముద్రాలు' అని పేరు. నడక అమ్మకు కష్టమైంది. పెద్దవాళ్ళుంటే ట్యాక్సీ తీసుకోండి. కట్టడం కొత్తది, పాలరాయి ఎక్కువ, నాకు అంతగా దగ్గర కాలేదు. ఒక్క చోట మాత్రం కాళ్ళు ఆగిపోయాయి. కాల్పులు జరిగిన రోజు ఆయన వేసుకున్న అంగీ అద్దం వెనక ఉంది. తెల్ల గుడ్డ మీద రక్తం ఎండి ఇటుక రంగులోకి తిరిగింది. మా పక్కన నిలబడ్డ ఒక పెద్దాయన టోపీ తీసి గుండెకు హత్తుకున్నాడు.

క్రాకువ్ ఊళ్ళో చూడాల్సినవి చాలా ఉన్నాయి. కనోనిచా వీధిలో ఆయన ఉన్న ఇంటి మ్యూజియం ప్రశాంతంగా ఉంటుంది. 1958లో సహాయ పీఠాధిపతిగా (బిషప్‌గా) నియమించినట్టు కబురొచ్చేటప్పటికి ఆయన కుర్రాళ్ళతో కలిసి పడవ నడుపుతూ ఉన్నారు. వార్సా వెళ్ళి సరేనని మళ్ళీ పడవ దగ్గరికే వచ్చేశారు. ఫ్రాంచిష్కాన్స్కా వీధిలో అగ్రపీఠాధిపతి (ఆర్చిబిషప్) నివాసం, 1979లో రాత్రిపూట యువతతో కబుర్లు చెప్పిన కిటికీ ఉన్నాయి. రోడ్డు మీంచే చూడొచ్చు.

టైముంటే ట్రామెక్కి నోవా హుతా వెళ్ళండి. దేవుడి అవసరం లేని ఊరని కమ్యూనిస్టు ప్రభుత్వం కట్టించిన ఉక్కు నగరం అది. 1960లో, చర్చి కోసమని నాటిన సిలువను తీసేయబోతే కార్మికులు పోలీసులకు ఎదురు తిరిగారు. చలికాలం క్రిస్మస్ రాత్రి పూజను వోయ్తివా ఆరుబయటే చేసేవారు. పదేళ్ళు జనం తమ చేతుల్తో కట్టిన చర్చిని 1977 మే 15న ఆయనే అభిషేకించారు. బయటి గోడకు ఇరవై లక్షల గులకరాళ్ళు అతికించారు. ఆ గోడ మీద చెయ్యి పెట్టి చూడండి.

ఒక మాట దాచలేను. చర్చి గురువుల (ఫాదర్ల) చేతుల్లో పిల్లలకు జరిగిన లైంగిక అన్యాయాల విషయంలో ఆయన చేసినవి, చేయనివి ప్రశ్నల్లోనే ఉన్నాయి. నడవడి మీద హెచ్చరికలు వచ్చినా 2000లో అమెరికా పీఠాధిపతి మెక్‌కారిక్‌ను వాషింగ్టన్ అగ్రపీఠాధిపతిగా నియమించారని 2020లో వాటికన్ నివేదికే చెప్పింది. ఆయన మీద నాకున్న ప్రేమ ఆ నివేదిక చదివాక కూడా పోలేదు. కానీ వాగ్యెవ్నికి చాపెల్లో ఆ పిల్లల కోసం కూడా జపమాలలో ఒక పది చెప్పకుండా లేవలేకపోయాను.

వవెల్ కోట కెథడ్రల్‌కు టికెట్ ఉంది, రాజుల సమాధులు కూడా అందులోనే. ఆ సమాధుల దారిలోనే పునీత లియోనార్డ్ భూగర్భ చాపెల్. గైడ్లు మూడు నిమిషాల్లో దాటించేస్తారు, మీరు ఆగండి. 1946 నవంబరు 1న గురువైన కరోల్, మర్నాడు సమస్త మృతుల పండుగ నాడు, ఇక్కడే తొలి పూజలు చేశారు. మూడు పూజలు, అమ్మకూ అన్నకూ నాన్నకూ. తండ్రి 1941లోనే పోయాడు. కొడుకు మందులూ భోజనమూ తీసుకుని ఇంటికొచ్చేసరికి ప్రాణం లేదు. తొలి పూజకు ముందు వరుసలో కూర్చోవడానికి ఆ ఇంట్లో ఎవరూ మిగల్లేదు.

అందుకే చివరి రోజు వేరే ప్లాన్లన్నీ మానేసి రకోవిత్స్కీ శ్మశానంలోని సైనికుల భాగానికి వెళ్ళాం. టూర్ల లిస్టులో ఇది దాదాపు ఉండదు. గేటు బయట పూలు, మూతలున్న గాజు దీపాలు అమ్ముతారు. గాలికి ఆరవు. అమ్మ మూడు కొంది. సమాధి వెతకడం కష్టం కాలేదు, దాని మీద అప్పటికే ఎన్నో దీపాలున్నాయి. రాయి మీద పేర్లు ఒక్కొక్కటే వేలు పెట్టి చూపించాను. ఇది తల్లి, ఇది తండ్రి, ఇది అన్న.

"ఈయన పేరేదీ?"

"ఈయన రోములో ఉన్నారు కదమ్మా. మనం చూశాం కదా."

"కన్నవాళ్ళ దగ్గర లేడన్నమాట" అని అమ్మ మెల్లగా వంగి, మొదటి దీపం ఎమిలియా పేరు కింద పెట్టింది.