పాచి గుట్టు చెప్పేది రంగు బిళ్లా, ఊదా లైటా?

ఆత్రేయపురం పూతరేకులు, తాపేశ్వరం కాజాలు అడగకుండానే ఇంటికి చేరే డెల్టా మనది. పళ్లమీద పేరుకునే బ్యాక్టీరియా పొరకు, అదే పాచికి, అంతకన్నా ఏం కావాలి? చిక్కేమిటంటే పాచిదీ పంటిదీ దాదాపు ఒకటే రంగు కాబట్టి అద్దంలో ఎంత చూసినా కనిపించదు. దాన్ని బయటపెట్టే దారులు రెండున్నాయి: ఇంట్లో నమిలే రంగు బిళ్ల, డెంటల్ క్లినిక్కులో వేసే ఊదా లైటు.

బిళ్ల కథ చిన్నది. చాలా వాటిలో ఉండేది ఎరిత్రోసిన్ అనే ఎర్ర రంగు. నమిలి, నోరంతా తిప్పి, ఉమ్మేసి, ఒకసారి పుక్కిలిస్తే పాచి ఉన్నచోటల్లా ఎరుపు నిలుస్తుంది. కింది ముందు పళ్ల లోపలివైపు, చిగురును ఆనుకున్న అంచు, చివరి దవడ పళ్ల బుగ్గవైపు ముందుగా దొరికిపోతాయి. రెండు రంగుల బిళ్లలైతే కొత్త పాచిని గులాబీగా, పాతదాన్ని నీలంగా చూపిస్తాయి. పెదవులకు ముందుగా కాస్త వాజలిన్ రాయండి, స్కూలు చొక్కా వేసుకోకముందే ఈ పని ముగించండి. ఈ రంగును ఆహారంలో వాడటానికి ఇచ్చిన అనుమతిని అమెరికా 2025 జనవరిలో రద్దు చేసింది. బిళ్ల మింగేది కాదు కాబట్టి కంగారు అక్కరలేదు గానీ, ఉమ్మేయడం తెలియని పసివాళ్లకు ఇవ్వకండి.

లైటు కథ పెద్దది, నిజానికి ఆసక్తికరమైనదీ అదే. సుమారు 405 నానోమీటర్ల ఊదా కాంతి వేసి, ఆ ఊదాను ఆపే ఫిల్టరులోంచి చూస్తే పన్ను ఆకుపచ్చగా, పాత పాచి ఇటుక ఎరుపుగా కనిపిస్తాయి. ఆ ఎరుపు బ్యాక్టీరియా తయారుచేసే పార్ఫిరిన్లనే పదార్థాలది. కానీ అన్ని బ్యాక్టీరియాలూ అలా వెలగవు. తోమిన పంటిమీద మొదట స్థిరపడేవి స్ట్రెప్టోకాకస్ జాతివి, వాటిలో ఈ ఎరుపు కనిపించదు. అవి చక్కెరను లాక్టిక్ ఆమ్లంగా మారిస్తే, వీలొనెల్లా అనే మరో బ్యాక్టీరియా ఆ ఆమ్లాన్ని తిని బతుకుతుంది. ఫ్యూజోబ్యాక్టీరియం ముందొచ్చినవాటినీ వెనకొచ్చేవాటినీ కలిపి పట్టుకుంటుంది. గాలి ఆడని లోపలి పొరల్లో ప్రివొటెల్లా, పార్ఫిరోమోనాస్ లాంటివి చేరాకే ఎరుపు బలపడుతుంది. చిగురునుంచి కారే రక్తంలోని హీమ్, అంటే ఇనుము చేరిన పార్ఫిరిన్, పార్ఫిరోమోనాస్‌కు ఆహారం. అయితే ఇనుము ఉన్న హీమ్ వెలగదు, అందుకే దాన్ని ఒంటినిండా పోగుచేసుకున్న సమూహం నల్లబడుతుంది. ఏ తిండి దొరికింది, పక్కన ఎవరున్నారు అన్నదాన్ని బట్టి ఒకే బ్యాక్టీరియా వెలుగు కూడా మారుతుంది.

కాబట్టి లైటు చెప్పేది పాచి వయసు. నిన్న రాత్రి కాజా తిని తోమకుండా పడుకున్న పిల్లవాడి పళ్లు దాని కింద శుభ్రంగానే కనిపించవచ్చు. ‘ఎరుపు లేదు, అంతా బాగుంది’ అనుకుంటే అక్కడే దెబ్బతింటాం. మరో తంటా, ఆకుల్లోని పత్రహరితం కూడా ఊదా కాంతికి ఎర్రగానే వెలుగుతుంది. పళ్ల సందున ఇరుక్కున్న గోంగూర ముక్కనో తమలపాకు తునకనో చూసి పాచి అనుకోవచ్చు. నోట్లు పరీక్షించే టార్చితో ఇంట్లో ప్రయత్నిస్తామనేవారికి ఒక్క మాట: సరైన ఫిల్టరు లేకపోతే ఊదా వెలుగులో ఆ ఎరుపు సరిగా కనిపించకపోవచ్చు, పైగా కళ్లకు ప్రమాదం.

ఇంటికీ, పాలకొల్లులోనో అమలాపురంలోనో బడిలో పెట్టే దంత శిబిరానికీ నా ఓటు బిళ్లకే. ఎక్కడ తోమలేదో పిల్లలు తమ కళ్లతో చూసుకుంటారు, వెంటనే బ్రష్షుతో ఆ ఎరుపు పోయేదాకా తోముతారు. పళ్లకు తీగలు కట్టించుకున్నవారికి, బిళ్ల నమిలి ఉమ్మలేని పెద్దవారికి లైటే నయం. మరక ఉండదు, పోయిన నెల ఫొటో పక్కన ఈ నెల ఫొటో పెట్టి చూపించవచ్చు. ఎన్నాళ్లుగా అదే చోట వదిలేస్తున్నారో వైద్యుడికి తెలిసిపోతుంది. అది చిన్న విషయం కాదు. 1965లో హరాల్డ్ లో (Harald Löe) అనే దంత పరిశోధకుడి బృందం ఆరోగ్యంగా ఉన్నవారితో తోమడం మాన్పిస్తే, 10 నుంచి 21 రోజుల్లో చిగుళ్లు వాచాయి. మళ్లీ తోమడం మొదలుపెట్టాక తగ్గాయి. రెండూ వాడాలనుకుంటే ముందు లైటు, తర్వాతే బిళ్ల. రంగు పడ్డాక వెలుగును నమ్మలేం.

తోమినప్పుడల్లా రక్తం కనిపిస్తుంటే మాత్రం ఈ రెండింటి మధ్య ఎంచుకుంటూ కూర్చోకండి. చిగురు కింది సందులోకి రంగూ చేరదు, ఊదా లైటూ చూడలేదు. మిల్లీమీటర్ల గీతలున్న సన్నని పరికరంతో ఆ లోతును వైద్యుడే కొలవాలి. 3 మిల్లీమీటర్ల వరకైతే మామూలు, అది దాటితే లోపల శుభ్రం చేయించుకోవలసి రావచ్చు.