ఆర్కిటిక్ మంకీస్: ముందు 2006 ఆల్బమ్ వినాలా, 2018 ఆల్బమ్ వినాలా?

ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌కు చెందిన ఈ రాక్ బ్యాండ్‌ను కొత్తగా వినబోయేవారికి తొలి ఆల్బమ్‌తో మొదలుపెట్టాలా, ‘ట్రాంక్విలిటీ బేస్ హోటల్ అండ్ కసీనో’తోనా అన్న సందేహం తప్పదు.

ఖర్చు: స్ట్రీమింగ్ చందా ఉంటే తేడా లేదు, రెండింటి నిడివీ సుమారు 41 నిమిషాలే.

స్వరూపం: 2006 ఆల్బమ్‌లో మ్యాట్ హెల్డర్స్ డ్రమ్స్ మొదటి క్షణం నుంచే దూసుకొస్తాయి, గాయకుడు అలెక్స్ టర్నర్ క్లబ్బుల గుమ్మాలను, అర్ధరాత్రి టాక్సీ ప్రయాణాలను తన ఊరి యాసలోనే ఊపిరి తిప్పుకోకుండా చెప్పుకుపోతాడు. 2018 ఆల్బమ్ మాత్రం గిటార్ మీద కాక, టర్నర్ ముప్పయ్యో పుట్టినరోజుకు మేనేజర్ కానుకగా ఇచ్చిన స్టైన్‌వే పియానో మీద పుట్టింది. చంద్రుడి మీద ఊహించిన హోటల్ చుట్టూ అల్లిన ఆ పాటల్లో అతని గొంతు తీరిగ్గా, దాదాపు సంభాషణలా సాగుతుంది.

శ్రమ: మొదటిది ఒక్కసారి వింటేనే పట్టుకుంటుంది. రెండోది మూడు నాలుగుసార్లు, అదీ హెడ్‌ఫోన్స్‌తో వినాలి. అప్పుడుగానీ బేస్ గిటార్ నడకలోని అందం తెలియదు. నాకు ఎక్కువ ఇష్టమైనదీ అదే.

రిస్కు: గిటార్ హోరు ఆశించి 2018 ఆల్బమ్ పెట్టుకున్నవారు నిరాశపడి బ్యాండ్‌నే వదిలేసే ప్రమాదం ఉంది.

జోరు, వేగం కోరేవారికి 2006 ఆల్బమ్ తగినది; పియానోను, పదాల మెలికలను ఇష్టపడేవారు నేరుగా 2018కి వెళ్లవచ్చు. ఎటూ తేల్చుకోలేనివారు ఈ రెండింటికీ మధ్య, 2013లో వచ్చిన ‘ఏఎమ్’తో మొదలుపెట్టడం మేలు.