గంటస్తంభం దగ్గరి ఫిజిక్స్ ట్యూషన్: సగటు వడి లెక్కలు బాగా చెప్తారు

విజయనగరంలో తొమ్మిది, పది తరగతుల పిల్లలకి ఫిజిక్స్ ట్యూషన్ వెతుకుతున్నవాళ్ల కోసం రాస్తున్నాను. ఇది గంటస్తంభం దగ్గర సందులో, మేడ మీద నడుస్తుంది. మా అమ్మాయిని తొమ్మిదో తరగతి ‘చలనం’ పాఠం అప్పుడు చేర్పించాం. మొదటి రోజు పెద్దవాళ్లని కూడా వెనక బెంచీలో కూర్చోనిస్తారు.

అప్పటికి మా అమ్మాయికి సగటు వడి సూత్రం నోటికొచ్చు. మొత్తం దూరాన్ని మొత్తం కాలంతో భాగించాలి. అయినా లెక్కలో రెండు వడులు కనిపిస్తే చాలు, కూడేసి రెండుతో భాగించేసేది. మాస్టారు పట్టుకున్నది సరిగ్గా అక్కడే. చీపురుపల్లి 30 కిలోమీటర్లు అనుకోమన్నారు. వెళ్లేటప్పుడు గంటకి 60, వచ్చేటప్పుడు గంటకి 30 కిలోమీటర్లు. సగటు వడి ఎంత? క్లాసంతా 45 అంది. ఆయన తప్పనలేదు. “పోడానికి ఎంతసేపు పట్టిందర్రా? రాడానికి?” అనడిగారు. పోడానికి అరగంట, రాడానికి గంట. అంటే 60 కిలోమీటర్లకి గంటన్నర, సగటు 40. నెమ్మదిగా నడిచిన దారిలోనే ఎక్కువసేపు ఉన్నాం కాబట్టి సగటు అటు లాగుతుంది. అదే రెండు వడులతోనూ చెరో గంట వెళ్తే 45 సరైన జవాబే. ఇలా కూడి రెండుతో భాగించడం ఎప్పుడు చెల్లుతుందో, ఎప్పుడు చెల్లదో విడమరిచి చెప్పినందుకే నాకు ఈ ట్యూషన్ మీద గురి కుదిరింది.

ఆ వెంటనే ఇంకోటి. పోయేటప్పుడు గంటకి 30తో వెళ్లాం. మొత్తం మీద సగటు 60 రావాలంటే తిరిగి ఎంత వడితో రావాలి? పిల్లలు 90 అన్నారు. రానూ పోనూ 60 కిలోమీటర్లూ గంటలో అయిపోవాలి కదా, ఆ గంట పోవడానికే అయిపోయింది. ఇంక ఎంత వడితో వచ్చినా 60 రాదు! పిల్లలు ఒకరితో ఒకరు వాదించుకుని మరీ ఒప్పుకున్నారు.

బస్సు రైల్వే గేటు దగ్గర ఆగిన పది నిమిషాలు కూడా కాలంలో కలపాలని అలాగే చెప్పారు. 50 నిమిషాల్లో 30 కిలోమీటర్లు నడిస్తే గంటకి 36. గేటు దగ్గర ఆగిన సమయం కలిపితే 30. ఇంటికి తిరిగొచ్చేస్తే స్థానభ్రంశం (బయల్దేరిన చోటి నుంచి చివరికి చేరిన చోటికి తిన్నగా ఉండే దూరం, దిశతో సహా) సున్నా, కాబట్టి సగటు వేగం (ఫిజిక్స్‌లో ఇది వడి కాదు, స్థానభ్రంశాన్ని కాలంతో భాగిస్తే వచ్చేది) సున్నా అన్నది కూడా ఆ లెక్కలోంచే తీశారు.

గది ఇరుకు. ఎండాకాలం ఉక్కపోత ఎక్కువ, బండి పెట్టుకోడానికి చోటు లేదు. పరీక్ష పేపర్లు దిద్దివ్వడం ఆలస్యం, ఇది మాత్రం మార్చుకోవాలి. ఒక్కో లెక్క మీద చాలాసేపు ఉంటారు కాబట్టి సిలబస్ త్వరగా అయిపోవాలనుకునేవాళ్లకి నచ్చకపోవచ్చు. ఫీజు నెలనెలా కట్టొచ్చు. సాయంత్రం బ్యాచ్ నిండిపోయింది, పొద్దున్న ఆరింటి బ్యాచ్‌లో ఇంకా చేర్చుకుంటున్నారు.